చేపల జాడ, ఒడ్డు జాడ

నిజామాబాదు జిల్లాలోని మోర్తాడునకు వాయవ్యదిశయందు కొలదిదూరమున, పోచంపాడు కడ, గోదావరీనదికి అడ్డముగా ఒక గొప్ప ఆనకట్ట కలదు. 1963వ సంవత్సరము జూలై 26వ తేదీన నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారు దానికి శంకుస్థాపన గావించిరి. ఆ ఆనకట్ట వెనుక నిలిచిన జలరాశియే శ్రీరాంసాగరము. వానలు బాగుగా కురిసిన యేట ఆశ్వయుజమాసము నాటికి ఆ జలాశయము కనుచూపుమేర నిండి సముద్రమును తలపించును. ఆ నీటి అడుగున ఒకప్పుడు పల్లెలు ఉండెను. పొలములు, బావులు, చెట్లు ఉండెను. నేడు పైనుండి చూచువారికి నీరంతయు ఒక్కతీరుగనే కనబడును గాని అడుగు ఒక్కతీరుగ నుండదు. ఒకచోట మిట్ట, వేరొకచోట పల్లము. ఒకచోట బురద, వేరొకచోట బండరాయి, పాతగోడ, చెట్టు మోడు.

తెల్లవారకమునుపే వల భుజమున వేసికొని ఈ నీటిపైకి పోవు జాలరికి ప్రతిదినము రెండు ప్రశ్నలు ఎదురగును. చేప ఎచ్చట నున్నది? తిరిగి ఒడ్డు చేరు దారి ఎటు? మొదటి ప్రశ్న ఆనాటి కూటికి సంబంధించినది. రెండవది ప్రాణమునకు సంబంధించినది. శ్రీరాంసాగరమున పుట్టి నడుపువానికిని, కాకినాడ రేవునుండి మరపడవపై బంగాళాఖాతములోనికి పోవువానికిని ఈ రెండు ప్రశ్నలును సమానమే.

పూర్వము వీనికి సమాధానము అనుభవమువలననే లభించుచుండెను. లోతు తెలియుటకు గడను దింపుదురు. గడకు అందనిచోట సీసపుగుండు కట్టిన త్రాడును విడుతురు. నీటి రంగును బట్టియు, మూగిన పక్షులను బట్టియు చేపల ఉనికిని ఊహింతురు. ఒడ్డుననున్న గుడి శిఖరమును, దానివెనుక నున్న కొండకొమ్మును ఒకే వరుసలోనికి తెచ్చుకొని తమ చోటును గుర్తింతురు. ఈ విద్య తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు సంక్రమించినది. అయితే మంచు కమ్మినప్పుడు శిఖరము కనబడదు. చీకటిలో కొండ కనబడదు. ఒడ్డునుండి నలుబది మైళ్ళు పోయిన పిదప పగటివేళను సైతము ఏదియు కనబడదు. అట్టి సమయములందు తోడ్పడుటకే నేడు రెండు యంత్రములు పడవలపైకి వచ్చినవి. ఒకటి చేపల జాడ తెలుపు ఫిష్‌ఫైండరు. రెండవది చోటును తెలుపు జి.పి.యస్. వీనిని ఎన్నుకొనువాడు అవి పనిచేయు తీరును ముందుగా తెలిసికొనవలెను. తెలియనివాడు అంగడివాని మాటకు లోబడును.

ఫిష్‌ఫైండరునకు మూలము ప్రతిధ్వని. బావిలోనికి తొంగిచూచి కేక వేసినచో ఆ కేక మరలి వచ్చుటను బాలురందరు ఎరుగుదురు. ఈ యంత్రమును అట్లే నీటిలోనికి కేక వేయును. కాని అది మనుష్యుల చెవికి వినబడని అతిధ్వని. పడవ అడుగున నుండు ఒక బిళ్ళ ఈ ధ్వనిని పంపును. అదియే మరలివచ్చిన ప్రతిధ్వనిని గ్రహించును. దీనిని ట్రాన్స్‌డ్యూసరు అందురు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నీటిలోనో, సుమారు 1,500 మీటర్లు పోవును. పంపిన ధ్వని సెకనులో ఇరువదియైదవ వంతు కాలమునకు తిరిగి వచ్చెననుకొనుడు. అంతలో అది 60 మీటర్లు ప్రయాణించినది. పోవుటకు సగము, వచ్చుటకు సగము. కావున లోతు 30 మీటర్లు. ఈ లెక్కను యంత్రము నిమిషమునకు అనేక పర్యాయములు చేసి తెరపై చిత్రించుచుండును.

ఈ విద్య ఒక్కనాట పుట్టినది కాదు. 1912లో టైటానిక్ అను మహానౌక మంచుకొండకు తగిలి మునిగినది. పిమ్మట నీటిలోని అడ్డంకులను ధ్వనితో కనిపెట్టుటకు శాస్త్రజ్ఞులు పూనుకొనిరి. జర్మనీలో అలెగ్జాండర్ బేమ్, ఫ్రాన్సులో పాల్ లాంజెవిన్ ఈ కృషిలో ముఖ్యులు. మొదటి ప్రపంచయుద్ధమున జలాంతర్గాములను వెదకుటకై ఈ పరిశోధన మరింత సాగినది. యుద్ధమునకై పెరిగిన ఆ విద్యను జపానుదేశమున ఫురునో సోదరులు జాలరుల పడవపైకి తెచ్చిరి. చేపలను కనుగొను యంత్రమును వారు 1948లో అమ్మకమునకు సిద్ధపరచిరి.

చేప శరీరము చాలవరకు నీటివలెనే ధ్వనిని పోనిచ్చును. అట్లయిన అది యంత్రమునకు ఎట్లు కనబడును? పెక్కు చేపల కడుపులో గాలితో నిండిన తిత్తి కలదు. నీటిలో మునుగుటకు, తేలుటకు అది వానికి సాధనము. నీటినుండి గాలిని తాకిన ధ్వని బలముగా మరలివచ్చును. కావున యంత్రము చూచునది ముఖ్యముగా చేపను కాదు, చేపలోని గాలిని. ఈ ఒక్క సంగతి తెలిసినవాడు అనేక భ్రమలనుండి తప్పించుకొనును. సొరచేపకు గాలితిత్తి లేదు. అది ఎంత పెద్దదైనను దాని ప్రతిధ్వని బలహీనము. రొయ్యకును అది లేదు. అందుచే అడుగున రొయ్యలు పట్టువాడు తెరపై రొయ్యలను వెదకడు; రొయ్యలకు అనువైన మెత్తని నేలను వెదకును. గట్టినేల ప్రతిధ్వనిని బలముగా పంపును. బురద దానిని కొంత మ్రింగివేయును. ఆ భేదము తెరపై కనబడును. తెలంగాణ రాష్ట్రపు చేపయైన కొర్రమీను తక్కువ లోతున, కలుపుమొక్కల నడుమ నివసించును. అచ్చట ఈ యంత్రము వలన ప్రయోజనము స్వల్పము. బొచ్చె, రవ్వ మొదలగు చేపలు లోతునీటిలో తిరుగు జలాశయమున దీని ఉపయోగము అధికము.

కొన్ని యంత్రములు ప్రతిధ్వనిని తామే నిర్ణయించి తెరపై చేప బొమ్మను చూపును. కొత్తవారికి ఇది ముచ్చట గొలుపును. కాని నీటిలో తేలు ఆకును, గాలిబుడగలను సైతము అది చేపయని చూపవచ్చును. అనుభవశాలి ఆ బొమ్మలను తొలగించి, అసలు గుర్తులనే చూచును. చేప పడవ క్రిందుగా దాటినప్పుడు మొదట దూరముగను, పిదప దగ్గరగను, మరల దూరముగను ఉండును గనుక, తెరపై అది వంగిన విల్లువలె కనబడును. పడవయు చేపయు కదలక నిలిచినచో విల్లునకు మారుగా పొడవైన గీత ఏర్పడును. గీత పొడవును చూచి చేప పొడవును నిర్ణయించుట అవివేకము.

ఎన్నికలో మొదటి మెట్టు పౌనఃపున్యము. సాధారణముగా యంత్రములు 50, 200 కిలోహెర్ట్జ్ ధ్వనులను ఉపయోగించును. 50 కిలోహెర్ట్జ్ ధ్వని మిక్కిలి లోతునకు పోవును, వెడల్పుగా వ్యాపించును, కాని సన్నని వివరములను చూపజాలదు. 200 కిలోహెర్ట్జ్ ధ్వని అంత లోతునకు పోలేదు గాని, దగ్గరనున్న వస్తువులను విడదీసి చూపును. ధ్వని బిళ్ళనుండి శంఖాకారముగా వ్యాపించును. ఆ శంఖము కోణము 20 డిగ్రీలైనచో, 30 మీటర్ల లోతున అది కప్పు వృత్తము సుమారు పదిన్నర మీటర్ల వెడల్పు ఉండును. 45 డిగ్రీలైనచో సుమారు 25 మీటర్లు ఉండును. వెడల్పు ఎక్కువైనచో ఎక్కువ చేపలు కనబడును. కాని అవి సరిగా పడవ క్రిందనున్నవో, ప్రక్కనున్నవో తెలియదు. ఇటీవలి యంత్రములలో కొన్ని ఒకే ధ్వనికి మారుగా, తక్కువనుండి ఎక్కువకు జారు ధ్వనిని పంపును. దీనిని చర్ప్ పద్ధతి అందురు. దగ్గర దగ్గరగా నున్న రెండు చేపలను ఇది వేరుపరచి చూపగలదు.

కావున ఏ యంత్రము మంచిదని అడుగుటకు ముందు, ఏ నీటికి అని అడుగవలెను. నిండుగా నున్నప్పుడు సైతము శ్రీరాంసాగరపు లోతు కొలది పదుల మీటర్లు మాత్రమే. అచ్చట 200 కిలోహెర్ట్జ్ గల చిన్న యంత్రము చాలును. వేయి మీటర్ల లోతు చూపునని ఎక్కువ వెల పెట్టి కొన్నచో, వాడని లోతునకు సొమ్ము చెల్లించినట్లగును. విశాఖపట్టణమునుండి లోతుసముద్రమునకు పోవు పెద్దపడవకు మాత్రము తక్కువ పౌనఃపున్యము, అధికశక్తి అవసరము. శక్తిని గూర్చియు ఒక హెచ్చరిక కలదు. పెట్టెపై 4,000 వాట్లని పెద్ద అక్షరములతో వ్రాయబడి ఉండవచ్చును. అది ధ్వని తరంగపు శిఖరమునుండి అడుగువరకు లెక్కించిన అంకె. సరాసరి శక్తిగా కొలిచినచో అందు ఎనిమిదవ వంతు, అనగా 500 వాట్లు మాత్రమే. రెండు యంత్రములను పోల్చువాడు రెండింటిని ఒకే కొలతతో పోల్చవలెను.

బిళ్ళను అమర్చు చోటు యంత్రమంత ముఖ్యము. ప్రొపెల్లరు లేపు బుడగల నడుమ దానిని అమర్చినచో తెరయంతయు మచ్చలగును. గాజునార పడవలో నార దట్టముగా, నడుమ నురుగుపొర లేకుండ ఉన్నచో, బిళ్ళను లోపలివైపుననే అంటించవచ్చును. కర్రపడవలో అట్లు చేసిన ధ్వని బయటికి పోదు. బిళ్ళ నీటిని తాకవలెను. పుట్టిపైనను, చిన్ననావపైనను దానిని ఒక కర్రకు బిగించి ప్రక్కనుండి నీటిలోనికి దింపవచ్చును. పెద్దపడవ అడుగున రంధ్రము చేసి అమర్చవలసినచో పడవను ఒడ్డునకు లాగవలెను. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధము కలదు. ఆ 61 దినములు ఇట్టి పనులకు అనుకూలమైనవి.

ఇక రెండవ ప్రశ్న. తిరిగి ఒడ్డు చేరు దారి ఎటు? దీనికి సమాధానము ఆకాశమునుండి వచ్చును. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.యస్. ఉపగ్రహములు పరిభ్రమించుచున్నవి. ఇవి అమెరికాదేశపువి, వానిలో మొదటిది 1978లో పంపబడెను. 1995 నాటికి ఏర్పాటు సంపూర్ణమయ్యెను. ప్రతి ఉపగ్రహమునందును అతిసూక్ష్మముగా నడచు పరమాణు గడియారము కలదు. అది తాను ఉన్నచోటును, సమయమును నిరంతరము ప్రసారము చేయుచుండును. పడవలోని పరికరము ఆ వార్త చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరమును లెక్కించును. రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. కాలమున సెకనులో పదిలక్షలవ వంతు తప్పు దొరలినను, దూరమున 300 మీటర్ల తప్పు వచ్చును. పడవలోని గడియారము అంత సూక్ష్మమైనది కాదు గనుక, ఆ దోషమును సవరించుటకై కనీసము నాలుగు ఉపగ్రహముల వార్తలు కావలెను. మన దేశమును నావిక్ అను స్వంత ఏర్పాటునకై 2013లో మొదటి ఉపగ్రహమును పంపినది.

పరికరము చోటును అక్షాంశ, రేఖాంశములుగా చెప్పును. డిగ్రీకి 60 నిమిషములు. అక్షాంశమున ఒక నిమిషము ఒక నాటికల్ మైలునకు, అనగా 1,852 మీటర్లకు సమానము. ఇచ్చట ఒక చిన్న పొరపాటు పెద్ద ఆపదకు కారణము కాగలదు. కొన్ని పరికరములు డిగ్రీలను, నిమిషములను వేరుగా చూపును; కొన్ని దశాంశములలో చూపును. 18 డిగ్రీల 30 నిమిషములు వేరు, 18.30 డిగ్రీలు వేరు. రెండవది 18 డిగ్రీల 18 నిమిషములకే సమానము. ఒకదానిని మరియొకటిగా భ్రమించినవాడు 12 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 22 కిలోమీటర్లు తప్పిపోవును. ఆపదలోనున్న పడవ తన చోటును ఇట్లు తప్పుగా తెలిపినచో, రక్షింప వచ్చినవారు శూన్యసముద్రమును వెదకి మరలిపోవుదురు. కావున ఒకే రేవునుండి బయలుదేరు పడవలన్నియు తమ పరికరములను ఒకే పద్ధతిలో ఉంచుట మేలు.

సముద్రముపై చోటు తెలియకపోవుటవలన కలుగు కష్టము కల్పన కాదు. ఉత్తరాంధ్రతీరపు జాలరులు పెక్కుమంది కూలికై గుజరాతు పోయి, అచ్చటి పడవలపై పనిచేయుదురు. 2018వ సంవత్సరము నవంబరులో అట్టివారిని, తమ జలములలో ప్రవేశించిరని, పాకిస్తాను అధికారులు నిర్బంధించిరి. ఒక యేడాదికి పైగా వారు పరదేశపు చెరలో నుండిరి. ఇంట భార్యాబిడ్డలు, వృద్ధులైన తల్లిదండ్రులు వారి వార్తకై ఎదురుచూచిరి. 2020 జనవరిలో వారిలో ఇరువదిమంది వాఘా సరిహద్దు దాటి స్వదేశము చేరిరి. నేలపై సరిహద్దునకు కంచె ఉండును, రాయి ఉండును. నీటిపై గీత గీయువాడెవడు? ఆ గీతను పటముపై చూపి, దగ్గరపడినప్పుడు మ్రోగి హెచ్చరించు పరికరము అట్టిచోట పడవకు కాపరివంటిది.

కావున జి.పి.యస్. కొనువాడు ముందుగా చూడవలసినవి కొన్ని కలవు. ఒక చోటును మీట నొక్కి గుర్తుంచుకొను సౌకర్యము, వచ్చిన దారినే చూపి ఒడ్డునకు చేర్చు సౌకర్యము, మనిషి నీటబడినచో తక్షణమే ఆ చోటును గుర్తించు మీట ముఖ్యమైనవి. పటము మరియొకటి. మన సముద్రముల నౌకాపటములను దేహరాదూనులోని జాతీయ జలమాపన కార్యాలయము తయారుచేయును. అట్టి పటముల ఆధారము గలిగిన పరికరము తీరమున మేలు. జలాశయమునకు అట్టి వివరమైన పటములు అరుదు. అందుచే తిరిగినకొలది లోతులను తానే నమోదుచేసి పటమును కూర్చుకొను యంత్రము జలాశయపు జాలరికి ఉపకరించును. ఆ పటమును సైతము శాశ్వతమని నమ్మరాదు. శ్రీరాంసాగరము 112 టి.ఎం.సి.ల నీరు పట్టునట్లు నిర్మింపబడినది. ఒక టి.ఎం.సి. అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. 1994 నాటి కొలతలలో ఆ పరిమాణము సుమారు 90కి తగ్గినట్లు తేలినది. గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టియే దీనికి కారణము. నీటి అడుగు ఏటేట మారుచుండునని ఇందువలన తెలియుచున్నది.

తెర మిట్టమధ్యాహ్నపు ఎండలో కనబడవలెను. అంగడిలోని నీడలో కాక, వెలుపలికి తెచ్చి చూడవలెను. ఐ.పి.ఎక్స్. 7 అను గుర్తున్నచో అది ఒక మీటరు లోతు నీటిలో అరగంట సేపు చెడకుండ నుండునని అర్థము. ఒక ఆంపియరు వాడు యంత్రమునకు 7 ఆంపియర్-గంటల బ్యాటరీ లెక్కకు ఏడుగంటలు వచ్చును. కాని చివరివరకు పిండుకొనుట తగదు, తిరుగుప్రయాణమునకు మిగుల్చుకొనవలెను. చెడినచో బాగుచేయువారు దగ్గరి పట్టణమున ఉన్నారా యని విచారింపవలెను. అప్పుచేసి కొన్న యంత్రము మూలబడినచో అప్పు మాత్రము మూలబడదు.

రెండు పనులను ఒకే యంత్రము చేయునట్టివియు కలవు. వెల కలిసివచ్చును, చోటు తక్కువ పట్టును, చేపలు కనబడిన చోటును వెంటనే గుర్తుంచుకొనవచ్చును. కాని అది చెడినచో రెండు కన్నులును ఒక్కసారి పోయినట్లగును. అట్టిది కొన్నవాడు ఒక దిక్సూచిని, చేతిలో పట్టుకొను చిన్న జి.పి.యస్.ను వేరుగా ఉంచుకొనవలెను. సొమ్ము ఒక్కదానికే చాలినచో, చిన్న జలాశయమున, ఒడ్డు కనబడుచోట, చేపల యంత్రమును ముందు కొనవచ్చును. ఒడ్డు కనబడని నీటిలోనికి పోవువాడు దారి చూపుదానినే ముందు కొనవలెను. చేప దొరకకున్న అది ఒకనాటి నష్టము. దారి దొరకకున్న ఆ నష్టమునకు మేర లేదు.

సముద్రమునకు దూరముగా హైదరాబాదు నగరమున భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము కలదు. ఇన్‌కాయిస్ అని ప్రసిద్ధమైన ఈ సంస్థ 1999లో స్థాపింపబడినది. ఉపగ్రహములు తెలుపు సముద్రపు ఉష్ణోగ్రతను, పచ్చదనమును పరిశీలించి, చేపలు చేరుటకు అవకాశమున్న ప్రాంతములను అది జాలరులకు తెలియజేయును. అలల, తుపానుల హెచ్చరికలను అందజేయును. ఎటు పోవలెనో అది చెప్పును. ఆ చోటునకు జి.పి.యస్. చేర్చును, క్రింద ఏమున్నదో ఫిష్‌ఫైండరు చూపును. 2024 ఆగస్టులో, ఒడ్డుతో ఉపగ్రహము ద్వారా సంభాషించు పరికరములను పడవలకు అమర్చు దేశవ్యాప్తమైన కార్యక్రమము ప్రారంభమైనది.

ఒక మాట మిగిలియున్నది. చేపలను చూపు యంత్రము పిల్లచేపను, పెద్దచేపను విచక్షణతో విడిచిపెట్టదు. ఆ విచక్షణ వల కన్నులలో, వల వేయువాని మనస్సులో ఉండవలెను. వానకాలమున గ్రుడ్లు పెట్టుటకై ప్రవాహమునకు ఎదురీదు చేపలను, ఇంకను ఎదుగని పిల్లలను యంత్రబలముతో ఊడ్చివేసినచో, మరుసటి యేడు ఎంత గొప్ప యంత్రము తెచ్చినను తెరపై ఖాళీనీరే కనబడును. ధ్వని లోతును కొలుచును. ఉపగ్రహము చోటును చెప్పును. ఎప్పుడు వల వేయవలెనో, ఎప్పుడు వల మడిచి పడవను ఒడ్డువైపు త్రిప్పవలెనో నిర్ణయించువాడు మాత్రము జాలరియే.